ఔషధమును అక్షరమును – జేమిసన్ ఆత్మకథలో పార్శ్వఫలితముల స్థానము

రోగానుభవమును ఇతివృత్తముగా గొని వెలువడిన ఆత్మకథలు ఆంగ్ల సాహిత్యమున నేడొక ప్రత్యేక శాఖగా పరిగణింపబడుచున్నవి. వీనిలో పెక్కింటి నిర్మాణము ఒక్కటియే. వ్యాధి పొడసూపును, బాధ పెరుగును, వైద్యుడు వచ్చును, మందు పనిచేయును, రోగి లేచి కూర్చుండి తన కథ చెప్పును. ఈ నిర్మాణములో ఔషధము కథాంతమున ప్రవేశించి చిక్కు విప్పు పాత్ర. కాని మానసిక వ్యాధులకు ఏండ్ల తరబడి మందు వాడువారి అనుభవము వేరు. వారి విషయమున మందు మొదలైన నాడే రెండవ కథ మొదలగును. చేతులు వణకుట, నోరెండుట, ఒడలు బరువెక్కుట, పగటివేళ మత్తు కమ్ముట, చదివిన వాక్యము మనస్సున నిలువకుండుట – ఇవి ఆ రెండవ కథలోని సంఘటనలు. ఈ కథను పక్కకు నెట్టక, తన గ్రంథమునకు ఆయువుపట్టుగా చేసికొన్న రచయిత్రి అమెరికా దేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్. 1995లో వెలువడిన ఆమె ఆత్మకథ ‘యాన్ అన్‌క్వయెట్ మైండ్’ను ఆ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మొదట ఒక మాటను గూర్చి చెప్పవలసియున్నది. మందు వలన కలుగు అనుద్దిష్ట ఫలితములను మనవారు దుష్ఫలితములనియు, దుష్ప్రభావములనియు, పార్శ్వఫలితములనియు వ్యవహరించుచున్నారు. జనవ్యవహారమున సైడ్ ఎఫెక్టు అను మాటయే స్థిరపడినది. ‘దుష్’ అను ఉపసర్గ ఫలితము యొక్క గుణమును చెప్పును. ‘పార్శ్వ’ అను పదము దాని స్థానమును చెప్పును. కోరిన ఫలితము నడుమ నుండును, కోరనిది ప్రక్కన నుండును అని ఈ పదము యొక్క తాత్పర్యము. ఇది మందు నిచ్చువాని వైపునుండి చేసిన విభాగము. మందు మ్రింగిన శరీరమునకు నడుమ, ప్రక్క అను భేదము లేదు. ఉన్మాదమును అణచిన మాత్రయే వ్రేళ్ళను వణకించినప్పుడు ఆ రెండును ఒక్క దేహములో, ఒక్క దినమున, ఒక్క మనిషికి జరుగుచున్నవి. వ్యాసములో పార్శ్వఫలితమను పదమునే వాడుచున్నాను. ఏలయన, ఆ పార్శ్వత్వమును ప్రశ్నించుటయే జేమిసన్ గ్రంథమునందలి విశేషము.

ఈ ఔషధముల చరిత్ర మిక్కిలి పాతది కాదు. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదమునకు లిథియం లవణము ఉపకరించునని 1949లో ప్రకటించెను. 1952లో పారిస్ నగరమందలి సెయింట్ ఆన్ వైద్యశాలలో జాన్ డిలే, పియర్ డెనికర్ అనువారు క్లోర్‌ప్రోమజీన్‌ను మనోరోగులకు వాడి సత్ఫలితములను పొందిరి. స్విట్జర్లాండ్ వైద్యుడు రోలండ్ కూన్ 1957లో ఇమిప్రమీన్ విషాదరోగమునకు పనిచేయునని తెలిపెను. ఈ మూడింటితో మనోవైద్యము మారిపోయినది. గోడల నడుమనే జీవితము గడపవలసిన అనేకులు ఇల్లు చేరిరి. అయితే క్లోర్‌ప్రోమజీన్ జాతి మందులు వాడినవారిలో కండరములు బిగిసికొనుట, వణకు, ఒక్కచోట నిలకడగా కూర్చుండలేని తహతహ కనిపించెను. దీర్ఘకాలము వాడిన కొందరిలో నోరు, నాలుక తమంతట తామే కదలు వికారమును బయటపడెను. వరము, దాని వెల రెండును ఒకే కాలమున తెలియవచ్చినవి.

మన మనోవైజ్ఞానిక నవలకు ఈ కాలక్రమముతో గల సంబంధము గమనింపదగినది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ 1940 ప్రాంతముల దశాబ్దిలో రూపొందిన నవలలు. నాటికి క్లోర్‌ప్రోమజీన్ ఇంకను వైద్యశాలలకు రాలేదు. వానిలో మనస్సు యొక్క సంఘర్షణ ఆలోచనలోను, సంబంధములలోను, తత్త్వజిజ్ఞాసలోను నడచును. మందుసీసాకు ఆ సంఘర్షణలో చోటు లేదు. ఉండుటకు వీలును లేదు. అది లోపము కాదు. కాని ఆ నవలలచేత తీర్చబడిన పాఠకుడు అంతస్సంఘర్షణమును భావములయందే వెదకుటకు అలవాటుపడినాడు. ఉదయము ఒక మాత్ర వేసికొనుటయా మానుటయా అను చిన్న నిర్ణయమున అంతటి సంఘర్షణము ఇమిడి యుండగలదని అతనికి వెంటనే తోచదు. జేమిసన్ గ్రంథమును మనము చదువుటకు ఇది మొదటి ప్రయోజనము.

ఇక గ్రంథ విషయము. జేమిసన్ 1974లో లాస్ ఏంజిలస్ నందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మనోవైద్య విభాగమున అధ్యాపకురాలిగా చేరెను. కొలది నెలలలోనే ఆమె తీవ్రమైన ఉన్మాదమునకు లోనయ్యెను. ఉన్మాద విషాదములు మార్చి మార్చి వచ్చు వ్యాధి అది. నేడు బైపోలార్ వ్యాధి యనుచున్నారు. తాను బోధించు వ్యాధియే తనకు కలుగుట, తాను ఇతరులకు చెప్పు మందునే తాను వేసికొనలేకపోవుట – ఇది కథకు మూలమైన విరోధము. లిథియం ఆరంభించినను ఆమె పలుమారులు దానిని మానినది. మానిన ప్రతిసారియు వ్యాధి తిరిగి వచ్చినది. ఒకమారు ఆత్మహత్యా ప్రయత్నముచే మృత్యుముఖము వరకు పోయి బ్రతికినది. తెలిసిన మనిషి ఎందుకు మానినది? గ్రంథము ఈ ప్రశ్నకు చెప్పు సమాధానము రెండు పాయలుగా నడచును.

మొదటి పాయ లోపించిన ఆనందమునకు సంబంధించినది. ఒక ప్రకరణమునకు ఆమె పెట్టిన పేరు ‘మిస్సింగ్ సాటర్న్’. ఉన్మాదావస్థలో తాను శనిగ్రహ వలయముల నడుమ విహరించితినని ఆమెకు అనుభూతి. ఆరోగ్యము వచ్చిన పిదప ఆ విహారము లేదు. ఇతరులకు అది భ్రాంతి. ఆమెకు అది పోగొట్టుకొన్న ప్రదేశము. సాధారణ రచయిత ఇచ్చట పశ్చాత్తాపమును ప్రకటించి ముందుకు సాగును. జేమిసన్ ఆ విరహమును దాచలేదు. ఆ అవస్థ తన అప్పులకు, భగ్నమైన సంబంధములకు కారణమని ఎరిగియు, దానిని తలచి బెంగపడినట్లు ఒప్పుకొన్నది. ఈ ఒప్పుకోలు వలన పాఠకునకు ఒక సత్యము బోధపడును. మందు పనిచేయుటయే కొందరికి ఒక నష్టముగా తోచును. ఇది పార్శ్వఫలితముల పట్టికలో ఎక్కని పార్శ్వఫలితము.

రెండవ పాయ దేహమునకు, బుద్ధికి సంబంధించినది. వాంతులు, వణకు, నడకలో తూలుట, సమతూకము తప్పుట ఆమెకు కలిగినవి. గుర్రపుస్వారి వంటి ప్రియమైన వ్యాయామములు విడువవలసి వచ్చినది. వీనికన్న ఘోరమైనది మరొకటి. ఆమెకు చదువు పోయినది. కండ్లు మసకబారుటయేగాక, అవధానము, గ్రహణము, జ్ఞాపకము అనునవి తగ్గి, పదేండ్లకు పైగా ఆమె వేళ్ళపై లెక్కింపదగినన్ని గ్రంథములకు మించి సాంతముగా చదువలేకపోయినది. బాల్యము నుండి పుస్తకమే ప్రాణముగా పెరిగి, అధ్యాపక వృత్తిలో నున్న వ్యక్తికి ఇది ఎట్టి దండనయో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. శాస్త్రవ్యాసములను చదివినదే చదివి, గుర్తులు వ్రాసికొని, ఎట్లో నెట్టుకొని వచ్చినది. సాహిత్యమునకు అట్టి ఉపాయము పనికిరాదు. అందువలన బాలసాహిత్యమును చేపట్టినది. కెన్నెత్ గ్రేయం 1908లో ప్రచురించిన ‘ది విండ్ ఇన్ ది విల్లోస్’ను చదువుచు, మోల్ అను చిన్న జంతువును, దాని యింటిని వర్ణించు ఘట్టమున ఆపుకొనలేక ఏడ్చినట్లు ఆమె వ్రాసినది.

ఈ ఘట్టము గ్రంథమునకు శిఖరమని నా అభిప్రాయము. దీనికి కారణము రెండర్థములు ఒక్కచోట కూడుటలో నున్నది. ఆ బాలల కథలో మోల్ విడిచివచ్చిన తన యింటి వాసన గాలిలో సోకి కలవరపడును. చదువరికి ఇల్లు పుస్తకమే. తాను ప్రవాసములో నున్నానని ఆమెకు తెలియజేసినదియు ఒక పుస్తకమే. ఆమె ఈ సామ్యమును విడమరచి చెప్పదు. ఏడ్చితినని మాత్రము చెప్పి ఊరకుండును. అట్లూరకుండుట చేతనే ఘట్టమునకు బలము కలిగినది. ఒక వైద్యగ్రంథము ఇదే విషయమును ‘జ్ఞానేంద్రియ వ్యాపారముల మాంద్యము’ అని చెప్పి విడుచును. ఆ మాటలో అబద్ధము లేదు. కాని దాని వలన ఏమి పోయినదో తెలియదు. సాహిత్యము చేయగల పని ఇచ్చట స్పష్టముగా కనిపించుచున్నది.

శైలి విషయమున మరొక అంశము చర్చింపదగినది. లిథియమును మర్యాదగా జీవితములోనికి ఆహ్వానించుటకు నియమములు అను వ్యాజముతో ఆమె ఒక పట్టిక కూర్చినది. అతిథులు రాకముందు మందుల అలమారను ఖాళీ చేయుట, ఒకప్పుడు అలవోకగా ఆడిన ఆటలు ఇప్పుడు చేతకానందుకు సిగ్గుపడకుండుట వంటివి అందలి విషయములు. పైకి హాస్యము, లోపల దుఃఖము. సంప్రదాయ పరిభాషలో దీనిని నిందాస్తుతి యనవచ్చును. కరుణరసము అతిగా పొంగిపొరలు ప్రమాదమున్న చోట హాస్యమును అడ్డుకట్టగా వాడుట రచయిత్రి నేర్పు. అంతకన్న ముఖ్యమైనది, ఈ పట్టిక వలన పార్శ్వఫలితములను భరించుట ఒక దినచర్య యనియు, దానికి మెలకువలు, నియమములు కలవనియు పాఠకునకు తెలియుచున్నది.

ఆ దినచర్య ఎంత సూక్ష్మమైనదో లిథియం స్వభావమే చెప్పును. మేలుచేయు పరిమాణమునకు, విషమగు పరిమాణమునకు నడుమ ఎడము చాల తక్కువ. లీటరు రక్తరసమునకు సుమారు 0.6 నుండి 1.0 మిల్లీమోల్ వరకు ఉండునట్లు చూతురు, 1.5 దాటినచో విషలక్షణములు సాధారణముగా పొడసూపును. అందువలన రక్తపరీక్షలు తప్పవు. మూత్రపిండములు, గళగ్రంథి ఎట్లున్నవో అప్పుడప్పుడు చూచుచుండవలెను. శరీరమున ఉప్పు, నీరు తగ్గినప్పుడు మూత్రపిండములు లిథియమును బయటకు పంపక నిలుపుకొనును. గ్రీష్మమున చెమట, వాంతులు, విరేచనములు, కొన్ని నొప్పిమాత్రలు సయితము దాని పరిమాణమును పెంచవచ్చును. 1949లో అమెరికాలో ఉప్పు మానవలసిన హృద్రోగులకు ఉప్పునకు బదులుగా లిథియం క్లోరైడును అమ్మగా కొందరు మరణించిరి. మన యిండ్లలో జబ్బు పడినవారికి చప్పిడి పథ్యము పెట్టుట వాడుక. లిథియం వాడువారికి వైద్యునకు తెలియకుండ ఆ పథ్యము పెట్టినచో ఆదరముతో చేసిన పనియే అపాయమగును. ఇట్టి మందును జీవితాంతము వాడుట మాత్ర మ్రింగుటతో తీరు పని కాదు. అది ఒక విద్య. జేమిసన్ పట్టిక వెనుకనున్న వాస్తవమిది.

కథలోని మలుపు మోతాదును తగ్గించుటతో వచ్చినది. నాడు లిథియమును నేటికన్న అధిక పరిమాణమున రక్తములో నిలుపుట ఆచారము. ఆమె ఇంగ్లాండున గడపిన కాలమున మోతాదు తగ్గెను. లోకము మరల స్పష్టముగా కనిపించెను. క్రమముగా చదువు తిరిగి వచ్చెను. ఈ మలుపును విమర్శకులు సామాన్యముగా ప్రేమకథతో జోడించి చదువుదురు. గ్రంథము నందలి మూడవ భాగమునకు ‘దిస్ మెడిసిన్, లవ్’ అని పేరుండుట వారికి ఊతమిచ్చినది. ప్రేమ ఆమెను నిలబెట్టిన మాట నిజమే. కాని ప్రేమ మాత్రమే అక్షరములను తిరిగి తేలేదు. మోతాదు తగ్గించుట తెచ్చినది. రోగి తన నష్టమును మాటలలో పెట్టగలుగుట, వైద్యుడు దానిని లెక్కకు తీసికొనుట, మందును విడువక దాని కొలతను మార్చుట అను మూడును కలసి ఆ ఫలమునిచ్చినవి. గ్రంథ పరిష్కారము విజయమును కాదు, లొంగుబాటును కాదు. అది ఒక ఒప్పందము.

ఈ అంశము ఎలిన్ సాక్స్ ఆత్మకథతో పోల్చి చూచినచో మరింత తేటపడును. సాక్స్ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రాచార్యురాలు. ఆమె గ్రంథము ‘ది సెంటర్ కెనాట్ హోల్డ్’ 2007లో వెలువడినది. ఆమె వ్యాధి స్కిజోఫ్రీనియా. ఆమెయు మందును తగ్గించుటకు, మానుటకు ఎన్నోమారులు యత్నించి, యత్నించిన ప్రతిసారియు పడిపోయినది. అయితే ఆమె వాదమునకు మూలము వేరు. ఎంత తక్కువ మందు వాడిన అంత తక్కువ రోగినని ఆమె తర్కము. ఇచ్చట మాత్ర ఒక చిహ్నము. దానిని మ్రింగుట వ్యాధిని అంగీకరించుట. జేమిసన్ గ్రంథమున ప్రధానముగా మాత్ర ఒక వస్తువు. దాని దోషము చేతిలో, కంటిలో, పుటలో కనిపించును. ఒకరికి అంగీకారము దుర్లభము, మరియొకరికి భరించుట దుర్లభము. మందు మానిన రోగులందరిని ‘చెప్పినట్లు వినరు’ అని ఒక్కమాటతో కట్టివేయుట ఎంత పొరపాటో ఈ రెండు గ్రంథములను ప్రక్క ప్రక్కన ఉంచి చదివినవారికి తెలియును.

మందు కవితాశక్తిని చంపునా అను ప్రశ్న ఇచ్చట తప్పక వచ్చును. అమెరికా కవి రాబర్ట్ లొవెల్ 1949 మొదలు పలుమారులు ఉన్మాదముతో ఆసుపత్రుల పాలయ్యెను. 1967లో లిథియం ఆరంభించెను. ఆ పిదప ‘నోట్‌బుక్’ 1969లోను, ‘ది డాల్ఫిన్’ 1973లోను, ‘డే బై డే’ 1977లోను వెలువడినవి. వ్యాధి పూర్తిగా తొలగలేదు. ఈ కాలపు కవిత్వము యొక్క గుణమును గూర్చి విమర్శకులలో ఏకాభిప్రాయమును లేదు. కాని కలము ఆగలేదను మాట నిర్వివాదము. జేమిసన్ 2017లో లొవెల్‌ను గూర్చి ఒక బృహద్గ్రంథము వ్రాయుటయు గమనింపదగినది. డెన్మార్క్ వైద్యుడు మోగెన్స్ షౌ 1979లో లిథియం వాడుచున్న 24 మంది కళాకారులను, రచయితలను విచారించగా, 12 మంది తమ సృష్టి పెరిగినదనియు, ఆరుగురు మార్పు లేదనియు, ఆరుగురు తగ్గినదనియు చెప్పిరి. ఈ సంఖ్యలు స్వల్పము. వీనిపై సిద్ధాంతమును కట్టరాదు. అయినను రెండు వైపుల అతివాదములకును ఇవి చాలినంత అడ్డు. మందు ప్రతిభను చంపునని భయపెట్టుటకు ఆధారము లేదు. తగ్గినదని చెప్పిన ఆ ఆరుగురి మాటను కొట్టివేయుటకును ఆధారము లేదు.

జేమిసన్ గ్రంథమున లోపములు లేవని చెప్పజాలము. ఆమె స్వయముగా ఆ శాస్త్రమున పండితురాలు. ఆమె సహాధ్యాపకులు వైద్యులు. అప్పుల పాలైనప్పుడు ఆదుకొన్న సోదరుడు కలడు. మోతాదును గూర్చి వైద్యునితో సమానముగా మాట్లాడగల భాష ఆమెకు పుట్టుకొచ్చినట్లున్నది. ఆ భాష లేని రోగి, తన వణకును సోమరితనమని ఇంటివారు తిట్టుచుండగా మౌనముగా నుండు రోగి, ఈ గ్రంథమున లేడు. మరియొకటి. చదువు పోయిన పదేండ్లును ఎందుకు అంత దీర్ఘముగా సాగవలసి వచ్చినదను ప్రశ్నను ఆమె వైద్యుని ముందు నిలిపి గట్టిగా అడుగదు. తన ప్రాణము నిలిపిన వైద్యునిపై గల కృతజ్ఞత ఆమె విమర్శను మెత్తపరచినది. కృతజ్ఞత గొప్ప గుణమే. కాని ఆ ప్రశ్నకు సమాధానము దొరకకుండగనే గ్రంథము ముగియుట పాఠకునకు వెలితిగా తోచును. లిథియం లేకున్న తాను బ్రతికియుండెడిదానను కానని ఆమె స్పష్టముగా నమ్మినది. ఆ నమ్మకమును, ఈ ప్రశ్నయు ఒకదానికొకటి విరోధులు కావు. మందు ప్రాణము నిలిపినదనుటయు, మందు మోతాదు ఎక్కువైనదనుటయు ఏకకాలమున సత్యములే కావచ్చును.

మన శాఖలలో పనిచేయు అధ్యాపకులకు ఈ చర్చతో ప్రత్యక్ష సంబంధము కలదు. పరిశోధక విద్యార్థి ఒకడు ఆరు మాసములుగా అధ్యాయము నీయలేదు. గ్రంథాలయమున కూర్చుండును గాని పుట తిరుగదు. సమావేశమున నిద్రపోవును. చేయి వణకుచుండుటచే సంతకము మారినది. ఇవి అశ్రద్ధ లక్షణములని నిర్ణయించుట సులువు. అతడు ఏదైన మందు వాడుచున్నాడేమో, ఆ మందు అతని చదువును తినుచున్నదేమో అని మనకు తోచకపోవుటకు కారణము, అట్టి అనుభవమును మనము సాహిత్యమున చదువకుండుటయే. అతనిని మందు మానుమని చెప్పుట మన పని కాదు. అకస్మాత్తుగా మానిన ఎట్టి ఆపద కలుగునో పై రెండు ఆత్మకథలును చూపినవి. చదువలేకపోవుచున్నానని, వ్రాయలేకపోవుచున్నానని వైద్యునకు స్పష్టముగా చెప్పుమని, ఏనాటి నుండి, ఎంతసేపు, ఏ పని చేయుచుండగా అను వివరములు వ్రాసి తీసికొనిపొమ్మని చెప్పుట మన పని. మోతాదు మార్పు, వేళ మార్పు, మందు మార్పు అను మార్గములు వైద్యునకు కలవు. రోగి నోరు విప్పనిచో అవి తెరువబడవు. అంతవరకు గడువు పొడిగించుట మన చేతిలోనున్నది.

తెలుగున మానసిక వ్యాధిని చిత్రించిన కథలపై పరిశోధన చేయదలచినవారు సంఘర్షణ హేతువులను మాత్రమే వెదకక, చికిత్స ఆరంభమైన పిదప పాత్రకు ఏమి జరిగినదని కూడ అడుగవలెను. ఆ ప్రశ్నకు కథ మౌనము వహించినచో, ఆ మౌనమును నమోదు చేయవలెను. జేమిసన్ తన గ్రంథమున చేసినది ఇంతియే. కథ ముగిసినదని అందరు లేచిపోవుచోట తాను కూర్చుండి, చేతిలో తెరవని పుస్తకముతో, మిగిలిన కథను చెప్పినది. ఆ పుస్తకము మరల తెరువబడినది. అందులకు పదేండ్లకు పైగా పట్టినది.